పాప బాగా నిద్రపోతోంది

జడ్చర్ల

ప్రియమైన కవితక్కకు,

నీ చెల్లెలు సరిత దండం పెట్టి రాస్తోంది. నువ్వూ, బావా, పిల్లలూ ఎలా ఉన్నారు? అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు తగ్గాయా? ఇక్కడ మేమంతా బాగున్నాం. పాప కూడా బాగుంది. ఈ మాట ముందే రాస్తున్నాను, లేకపోతే కింద రాసింది సగం చదివే నువ్వు మోత్కూర్ బస్టాండుకు పరుగెత్తుతావు. పాప బాగుంది. కూర్చుని చదువు.

ఫోన్ ఎందుకు చేయలేదంటావేమో. నువ్వు ఫోనెత్తగానే స్పీకర్ పెడతావు. మగ్గం చప్పుడులో నీకు వినపడేది తక్కువ, చుట్టూ ఉన్నవాళ్లకు వినపడేది ఎక్కువ. ఇది నీకొక్కదానికే చెప్పాలి.

ఏడాది కావొస్తున్నా ఈ ఊరు నాకింకా అలవాటు కాలేదు. రోడ్డు, లారీలు, మందుల కంపెనీలు, అంతే. వానలు తగ్గాయి గానీ ఉక్క తగ్గలేదు. సాయంత్రం గాలి ఇటు తిరిగితే మందుల వాసన ఇంట్లోకి వస్తుంది. మీ మరిది పొద్దున్నే హైదరాబాద్ బస్సెక్కితే చీకటి పడ్డాకే ఇంటికి వస్తారు. పాపను చూసుకోవడానికి పెట్టుకున్న నర్సమ్మే వంట కూడా చేసేది. జొన్నరొట్టె నీకొచ్చినంత మెత్తగా రాదు గానీ పచ్చిపులుసు బాగా చేసేది. తిండికి లోటు లేదక్కా, ఆ బెంగ పెట్టుకోకు.

మా మందుల కంపెనీలో నన్ను ఒక బ్లాకుకు హెడ్డును చేశారని తెలిసి నువ్వు వాడకట్టంతా మిఠాయి పంచావు. ఇక్కడి సంగతి అంత తీపిగా ఏమీ లేదు. నాకంటే వయసులో పెద్దవాళ్లు నా కింద పనిచేయాలి. మీటింగులో నేను ఫోన్ చూసుకుంటే, "పాప ఏడుస్తోందా మేడం?" అని నవ్వుతారు. వాళ్ల ఫోన్లు మోగితే మాత్రం అవి కంపెనీ పనులు! మేం తయారు చేసేది నిద్రమందు. మాత్రలు వేరేచోట చేస్తారు. మేం తెల్లటి పొడిని మర పట్టి డ్రముల్లో పంపిస్తాం.

హెడ్డయ్యాక నేను చేసిన మొదటి పని ఆడవాళ్లకు బట్టలు మార్చుకునే గది ఇప్పించడం. అంతకుముందు వాళ్లు వానైనా ఎండైనా పక్క బ్లాకు దాకా పోయి మార్చుకుని వచ్చేవాళ్లు. మర గదికి ఆనుకుని ఒక పాత స్టోరు ఖాళీగా ఉంటే, పోట్లాడి దాన్ని తీసుకున్నాను. కొక్కేలు కొట్టించాను, అద్దం పెట్టించాను, తలుపుకు గడియ వేయించాను. యాదమ్మ అని నాతో పనిచేసే ఆమె నా చెయ్యి పట్టుకుని, "ఇన్నేండ్లకు మాకు గింత జాగ దొరికింది మేడం" అంది. ఆ రోజు నేను నేల మీద నడవలేదక్కా. అప్పటినుంచి మా సొంత బట్టలు ఆ కొక్కేలకు తగిలించి, కంపెనీ బట్టలు వేసుకుని లోపలికి పోతున్నాం.

ఇంట్లో పాప సంగతి నీకు తెలుసు. నేను గేటు దాటగానే ఏడుపు మొదలు. నర్సమ్మ భుజం మీద వేసుకుని ఎంత తిప్పినా ఆపేది కాదు. అప్పుడే కదా నువ్వు ఫోన్లో చెప్పావు: "నేను మగ్గం గుంతల దిగితె మా పోరగాండ్లకు నా విడిచిన చీరెనే తోడు. నీ చున్నీ ఉతక్కుండ తొట్టెల్ల ఎయ్యి. తల్లి వాసన తగిలితె గదే పండుకుంటది."

అలాగే చేశాను. కంపెనీ నుంచి వచ్చి విడిచిన చున్నీ మర్నాడు తొట్టెలలో వేసి పోయేదాన్ని. పాప దాని కొస నోట్లో పెట్టుకుని చప్పరిస్తూ పడుకునేది. కొద్దిరోజులకే ఏడుపు పోయింది. "గిసొంటి బంగారి పిల్లను నేను సూడలేదమ్మా. పాలు తాగుతది, పండుకుంటది" అని నర్సమ్మ మురిసిపోయింది. నేను మధ్యాహ్నం ఫోన్ చేసినా నిద్రే, సాయంత్రం ఇంటికి వచ్చినా నిద్రే. నాకు హాయిగా ఉండేదక్కా. రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, నిజంగా హాయిగా ఉండేది. మా పెద్దసారు కూడా, "ఇప్పుడు మనసు పెట్టి పనిచేస్తున్నారు" అని మెచ్చుకున్నాడు.

బతుకమ్మ సెలవులకు ఇంట్లో బట్టలన్నీ ఉతికాను. ఆ సెలవుల్లో పాప మళ్లీ పాపలా అయింది. పాకింది, అరిచింది, నా జుట్టు పట్టి లాగింది. పండుగ సందడికి హుషారుగా ఉందనుకున్నాను. డ్యూటీకి పోవడం మొదలుపెట్టాను, చున్నీ తొట్టెలలోకి వచ్చింది, పాప మళ్లీ మెత్తబడింది. అప్పుడు కూడా నాకు తట్టలేదు చూడు!

ఒకరోజు కంపెనీలో కరెంటు పోయి త్వరగా ఇంటికి వచ్చాను. తొట్టెలలో పాప పెదవి చివర నుంచి పాలు కారిపోతున్నాయి. ఎత్తుకుంటే మెడ నిలవలేదు. అరికాలు గిల్లినా కదల్లేదు. నర్సమ్మతో కలిసి ఆటోలో దవాఖానకు పోయేదాకా నేను ఏమని అరిచానో నాకే తెలియదు. డాక్టరమ్మ చూసి, "ఇంట్లో ఎవరైనా నిద్రమాత్రలు వేసుకుంటారా?" అని అడిగింది.

నేను తిరిగి నర్సమ్మ వైపు చూశాను. అందరి ముందు "పాపకు ఏం పోసినవ్?" అని గద్దించాను. ఆమె ముఖం నల్లబడిపోయింది. "నా పిల్లల మీద ఒట్టమ్మా. నీ పాలు, నీ చున్నీ. ఇంకేం ఇయ్యలె" అంది. కంగారులో ఆ చున్నీని చేత్తోనే పట్టుకొచ్చింది పాపం. తీసుకుని కిటికీ దగ్గర దులిపాను. ఎండలో సన్నగా, తెల్లగా లేచింది. ఆ పొడిని నాకంటే బాగా ఎవరు గుర్తుపడతారక్కా?

పాపను దవాఖానలో ఉంచుకుని చూసి పంపించారు. గండం గడిచిందన్నారు. నర్సమ్మ మాత్రం మళ్లీ రాలేదు. ఇంటికి పోయి బతిమాలినా తలుపు తీయలేదు.

మర్నాడే మేం బట్టలు మార్చుకునే ఆ గది వెతికించాను. మర గదికీ దానికీ మధ్య గోడ పైన, రేకుల కింద సందు ఉంది. నేను కొట్టించిన కొక్కేలు సరిగ్గా దాని కిందే. వెంటనే మర ఆపించాను. పెద్దసారు పరుగెత్తుకొచ్చి, "బట్టలు వేరేచోట పెట్టుకుంటే అయిపోతది గదా, బ్లాకెందుకు బంద్ చేస్తరు? తల్లిలెక్క గాదు, హెడ్డులెక్క ఆలోచించుర్రి" అన్నాడు. "హెడ్డులెక్కనే ఆపిన సార్" అన్నాను.

తర్వాత మా ఆడవాళ్లను కూర్చోబెట్టి, ఇంట్లో చంటిపిల్లలు ఎలా ఉన్నారని అడిగాను. ఒకామె నవ్వుతూ, "మావోడు మంచిగనే పండుకుంటుండు మేడం, అసలు సతాయిస్తలేడు" అంది. పక్కామె "మాది కూడ" అంది. ఆ వెనక ఇంకొకామె. అక్కా, ఒక్కొక్కరు చెప్తుంటే పిల్లల పేర్లు రాసుకుంటూ పోయాను. కంపెనీ బండి తెప్పించి తల్లీపిల్లలందరినీ దవాఖానకు పంపించాను. పిల్లలకు ప్రమాదమేమీ లేదన్నారు. బండి ఎక్కేముందు యాదమ్మ నన్ను పక్కకు పిలిచి, "మేడం, గా పొడి లేకుంటె మావోడు పండుకోడు. వాడు పండుకోకుంటె మా అత్త పట్టుకోదు. మరి నేను డ్యూటీకెట్ల రావాలె?" అని అడిగింది. కసిరాను. చెయ్యి పట్టి బండి ఎక్కించాను.

నువ్వు నీ మీద వేసుకోకు. నీ చీరలో ఉన్నది నీ చెమట, గంజి వాసన. నా చున్నీలో ఏముందో తెలుసుకోవలసింది నేను. అత్తమ్మకు నా దండాలు చెప్పు, ఈ సంగతి మాత్రం చెప్పకు. బావను అడిగానని చెప్పు. పాపను మనసులోనే దీవించు.

విచారణకు పైనుంచి మనుషులు వస్తారట. చూపించడానికి ఆ చున్నీని కవర్లో కట్టి బీరువాలో పెట్టాను, పారేయలేను. ఈ పొద్దున మర ఎందుకు ఆపానో చెప్పమని హెడ్డాఫీసు వాళ్లు వీడియో మీటింగు పెట్టారు. పాప చంకలో గుక్కపట్టి ఏడుస్తోంది. పట్టుకునే మనిషి లేదు. అటు పెద్దసారు, "మేడం, ముందు పాపను చూసుకోండి, తర్వాత మాట్లాడుకుందాం" అని నవ్వాడు. నేను కెమెరా ఆపేసి లేచాను. ఎప్పుడు లేచానో, ఎందుకు లేచానో తెలియదు గానీ, చూసుకునేసరికి బీరువా ముందు ఉన్నాను. తలుపు తీసి ఉంది. తీయలేదక్కా, చున్నీ తీయలేదు. ఒట్టు. కానీ నా చెయ్యి దాని మీద ఉంది.

బీరువా తాళంచెవి ఈ ఉత్తరంలోనే పెడుతున్నాను. నేను ఫోన్ చేసి ఎంత ఏడ్చి అడిగినా, విచారణ వాళ్లు వచ్చేదాకా దాన్ని నాకు పంపకు.

నీ చెల్లెలు,
సరిత