సూది కనపడని చల్లదనం

అక్కా, నాకేమీ కాలేదు, నీరసం ఒక్కటే, కంగారుపడకు.

వేడికి ఉడికిపోయే పనిగదులను కరెంటు లేకుండా చల్లబరిచే దారి చూపినవారికే పరిశోధన నిధులిస్తామని సర్కారు పోటీ పెట్టింది కదా, నిన్న రెండో విడత పరీక్ష. ఒక కుట్టుగది కిటికీలకు మేం బిగించిన ఎండ ఆపే పలకల గురించి గంటసేపు చెప్పాను. తర్వాత కమిటీ పెద్దాయన, ఆ గదిలో బట్టలు కుట్టే ఆవిడను పిలిచి అడిగారు.

"చల్లగానే ఉందండీ. కానీ వెలుతురు పోయింది. సూదిలో దారం ఎక్కట్లేదు" అందావిడ.

ఏడాదిగా ఆ గదికి తిరిగి వేడి కొలిచానే తప్ప, ఎలా కుడుతున్నారని అడగలేదు. బయటికొచ్చాక ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "మీ పని చెడగొట్టానామ్మా?" అంది. లేదన్నాను, చెడగొట్టుకున్నది నేనే. వెలుతురు సంగతి తేల్చి ఆరు నెలల్లో మళ్లీ రమ్మన్నారు. అంతవరకూ నిధులు రావు.

నాన్న కంటిచుక్కలు మానలేదు కదా? మేడమీద తొట్టి కారడం ఆగిందా? నా ఊలు శాలువా పంపు.

సెలవులకు రాలేను. నాన్నకు నువ్వే చెప్పు. నేను చెబితే "సరేలేమ్మా" అంటారు, అది వినే ఓపిక నాకు లేదు. బావగారికి నమస్కారాలు, చంటిదాని బుగ్గమీద నా బదులు ఒక ముద్దు.

నీ చెల్లి