తెల్లగానే ఉన్న పట్టీ

పురసవాక్కం, చెన్నై
18 మే 1997, ఆదివారం

చిరంజీవి సంయుక్తకు నాయనమ్మ ఆశీస్సులు. ఇంట్లో అందరం ప్రాణాలతో ఉన్నాం. క్షేమమని రాయడానికి మాత్రం చేయి రావడం లేదు. నీ మేనమామ గురుప్రసాద్ ఈ రోజే మైసూరు బండెక్కుతున్నాడు. నీకు ఫోను కలవలేదు, పోస్టును నమ్మక అతని చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను. మనిషి తాగిందీ లేనిదీ ఉమ్మిలో చూపే నీ కాగితం పట్టీల ఫలితాలు బుధవారం ప్రొఫెసరుకు ఇస్తానన్నావు. ఇది చదవకుండా ఇవ్వవద్దు.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. పట్టీని ఉమ్మితో తడిపాక రంగు ఎంతసేపట్లో తేలుతోందని అడిగావు. మొదటివారం మీ నాన్న తాగిన మర్నాడు, నేను కాఫీ కలిపేలోపే లేతనీలం తేలింది. తాంబూలం వేసుకున్న నోటితో అయితే పట్టీ ఎర్రబడి ఏదీ తెలియడం లేదు. మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గింది.

తాగుడు మాన్పించే మాత్ర గురించి డాక్టరు చెప్పింది నీకు తెలుసు. తాగిన మందు ఒంట్లో ఉండగా అది పడితే ప్రాణం మీదికొస్తుంది. గురువారం మీ నాన్నకు ఆ మాత్ర మొదలుపెట్టే రోజు. పట్టీ పెట్టి చూశాను. తెల్లగానే ఉంది. నా కొడుకు వీరరాఘవులు తాగుడు మానేశాడని సంతోషపడి నా చేత్తోనే మింగించాను. మధ్యాహ్నం కాకముందే వాడి మొహం, మెడ కందిపోయాయి. ఊపిరందక గోడ పట్టుకున్నాడు. ఆటోలో నా ఒళ్లో తల పెట్టుకుని, "అమా, ఏం పెట్టినావు నాకు?" అన్నాడు.

నిన్న ఆసుపత్రి నుంచి ఇంటికి పంపించారు. నిద్రపోతుంటే ఛాతీ కదులుతోందా లేదా అని మాటిమాటికీ వెళ్లి చూస్తున్నాను. వాడి బట్టల బీరువాలో దొరికిన బ్రాందీలో కాసిని నీళ్లు కలిపి, మిగిలిన పట్టీల్లో ఒకటి ముంచాను. అదీ తెల్లగానే ఉంది. నీ పట్టీలో రంగు తేల్చే ఎంజైము చచ్చిపోయిందని అప్పుడు తెలిసింది.

చంపింది నేను. ఫ్రిజ్జులో పెట్టమన్నావు, పెట్టానని నీకు రాశాను. పెట్టలేదు. నోట్లో పెట్టే సరుకు, ఎంగిలి. పాలు, పెరుగు, నైవేద్యం పళ్లు ఉన్నచోట దాన్ని పెట్టడానికి మనసొప్పలేదు. ఎవరి నోరూ తగలని పట్టీకి ఎంగిలి ఎక్కడిదని నువ్వు అడుగుతావు. ఇంత చదువుకున్నదాన్ని, నాకు ఆ మాట తట్టలేదు. ఈ కత్తిరి మండుటెండల్లో పట్టీల పెట్టెను పొయ్యి పైన అలమరలో ఉంచాను, ఆ వేడికే చచ్చింది.

మీ నాన్నకు చెప్పేశాను. ఫ్యాను వంక చూస్తూ, "తాగినానా లేదా అని నన్ను అడగనే లేదే మా. ఆ కాగితాన్ని అడిగినావు" అన్నాడు. అడిగితే నిజం చెప్పేవాడివా అన్నాను.

"తెలీదు మా."

నీ పట్టీలు ఇంకా కొన్ని ఇళ్లల్లో ఉన్నాయి. దీన్ని నమ్మి మాత్ర ఇవ్వవద్దని నువ్వు అందరికీ రాసే ఇచ్చావు. కానీ తెల్లటి పట్టీ చేతిలో ఉండి, కొడుకు ఎదురుగా కూర్చుంటే ఏ తల్లికి అది గుర్తుంటుంది? రేపు ఏ ఇంట్లో ఎవరు ఎవరికి మాత్ర ఇస్తారోనని నాకు అన్నం దిగడం లేదు. అందుకని ఇవి జరగాలి.

1. ఉత్తరం చదివి ముగించకముందే ఆ ఇళ్లన్నింటికీ ఫోను చెయ్యి. ఫోను లేని ఇంటికి మనిషిని పంపు.

2. ప్రతి పెట్టెతోపాటు సారా కలిపిన నీళ్ల సీసా ఒకటి ఇవ్వాలి. రోజూ ముందు ఒక పట్టీ అందులో ముంచి, నీలం వస్తేనే రెండోది నోట్లో పెట్టాలి.

3. పెట్టె మీద తెలుగులో, అరవంలో రాయించు: "తెల్లగా ఉంటే తాగలేదని కాదు, పట్టీ పాడై ఉండవచ్చు. ఈ పెట్టె ఎంగిలి కాదు. ఫ్రిజ్జులోనే పెట్టండి."

4. గురువారం ఫలితాన్ని కొట్టివేయవద్దు. కారణంతో సహా, నా పేరుతోనే చూపించు.

5. డాక్టరు మళ్లీ మాత్ర మొదలుపెట్టమంటే ఆసుపత్రిలో నర్సు ఇవ్వాలి. నా చేత్తో ఇవ్వను. నీళ్ల గ్లాసు పట్టుకుని పక్కన నిలబడతాను.

ఇట్లు,
నీ నాయనమ్మ,
కన్యకమ్మ