ఎనిమిదో పాట వేగం

హన్మకొండ,
8 సెప్టెంబర్ 2025.

ప్రియమైన పెద్దబాపుకు,

నీ తమ్ముడు స్టీఫెన్ పెద్దబిడ్డ హెప్సిబా రాస్తున్నది. ఉత్తరం చూసి భయపడకు, ఇంట్లో అందరం బాగున్నాం. మొన్న నీకు ఫోన్ చేసి అరగంట అరిచాను. ఏమడిగినా "మంచిది బిడ్డా, మంచిది" అన్నావు. ముప్పై ఏళ్లు రైసుమిల్లు మోత విన్న చెవులు, వాటిని ఏమంటాం? నీ బటన్ల ఫోనులో మెసేజీ కూడా చూడవు. అందుకే పోస్టాఫీసుకు పోయి కవర్లు కొన్నాను.

సంగతి ఇది. ఆదివారం మధ్యాహ్నాలు మేం నలుగురం సదానందం సారు ఇంట్లో పాటలు వింటాం. సారు రిటైరైన ఫిజిక్సు లెక్చరర్, తొమ్మిది వందల క్యాసెట్ల మనిషి. శ్యాంసుందర్‌కు సౌండు సిస్టాలు కిరాయికిచ్చే షాపుంది. దీప నా డిగ్రీ స్నేహితురాలు. మా పిచ్చి ఎనభైల నాటి సింథ్ పాప్, అంటే కీబోర్డూ డ్రమ్ మిషనూ పెట్టి చేసిన పాటలు. అన్నీ బయటి దేశాలవే. నిన్న సారు నర్సంపేటలో పాత సామానుతో పాటు కొన్న ఒక క్యాసెట్టు వేశారు. మీద పెన్నుతో "పొద్దుగాల బస్సు – జయరాజు, ధర్మసాగర్, 1987" అని ఉంది.

పెద్దబాపూ, అది నువ్వేనా? మా ఇంట్లో ఒక్కరూ ఎందుకు చెప్పలేదు?

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "గిది మన దగ్గర చేసిందా? ఎనభై ఏడుల? అప్పుడు మా ఇంట్ల రేడియో కూడా సక్కగ పలకకపోతుండె!"

"సార్, జర ఊకోండ్రి, విననీయండ్రి" అని శ్యాంసుందర్ కసిరాడు.

ఆ గొంతు ఎవరిదో అర్థం కాలేదు. బరువుగా, ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టు ఉంది. మగవాళ్లదో ఆడవాళ్లదో తెలియదు. ఒక్కో పాటా ముందుదానికంటే నెమ్మది. ఎనిమిదోది, "కట్ట మీద" అనేది, ఆగిపోతుందేమో అన్నంత నెమ్మది. అది అయ్యాక దీప చెయ్యి చూపించింది, వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. చనిపోయిన చెల్లెలు రూతు అత్తమ్మ కోసం నువ్వు పాడుకున్న పాటలని, చావు వైపు మెట్టుమెట్టుగా దిగుతున్నట్టు వాటిని కట్టావని, బస్సంటే ఆఖరి ప్రయాణమని మేం తేల్చాం.

నవంబర్ తొమ్మిదిన ఒక హాలు తీసుకుని అందరికీ వినిపిస్తున్నాం. దాని గురించి పదిహేను నిమిషాలు నన్ను మాట్లాడమన్నారు. మా బాపును అడిగితే "నాకప్పుడు ఎనిమిదేండ్లు, నాకేం ఎరుక? మూడు నౌకర్లు ఇడిసిపెట్టినవ్, ఇప్పుడు క్యాసెట్లు ఏరుకుంటున్నవా?" అన్నాడు. ఇంతవరకు నన్నెవరూ ఏదీ మాట్లాడమనలేదు పెద్దబాపూ. తప్పు మాట్లాడకూడదు. మేమనుకున్నది నిజమేనని ఒక్క ముక్క రాయి చాలు.

నీ బిడ్డ,
హెప్సి

———

స్టేషన్ ఘన్‌పూర్,
16 సెప్టెంబర్.

చిరంజీవి హెప్సిబాకు,

దేవుడి కృప నీ మీద ఉండాలని పెద్దబాపు కోరిక. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ వేరే ఎవరి గురించో రాసినట్టే ఉంది.

ఆ క్యాసెట్టులో నేను పాడలేదు. నేను పాడితే ధర్మసాగర్‌లో బర్రెలు పాలు ఎగబెట్టేవి. ఎనిమిదీ మీ రూతు అత్తమ్మే పాడింది. ఆమె పోయిందని ఏడ్చే పాటలు ఆమే ఎట్లా పాడుతుంది, చదువుకున్నదానివి ఆ మాత్రం ఆలోచించవద్దా? అప్పుడు ఆమెకు పంతొమ్మిదేళ్లు. "పొద్దుగాల బస్సు" అంటే చావు కాదు, ఆరున్నరకు వరంగల్ పోయే బస్సు. దాంట్లో సీటు దొరకదు. పాటంతా సీటు గురించే.

బెంగళూరు నుంచి చర్చికి వచ్చిన యువకులు కీబోర్డూ డ్రమ్ మిషనూ ఆరు నెలలు మా దగ్గర ఉంచి పోయారు. చర్చి వెనక గదిలో ఒక్క మైకు పెట్టి, వాయిస్తూ పాడుతూ ఒకేసారి రికార్డు చేశాం. తప్పు పోతే పాట మొత్తం మళ్లీ పాడాల్సిందే. మిషను మీద చిన్న కిటికీలో 120 అని వెలిగేది, నిమిషానికి నూట ఇరవై దెబ్బలు. ఆ అంకె మార్చడం నాకు రాదు. ఎనిమిది పాటలూ ఒకే వేగం. రూతు నవ్వుకుంటూ పాడింది. నెమ్మది అన్నమాటే లేదు.

ముప్పై క్యాసెట్లు చేశాం. పెద్దలు డిస్కో అని చర్చిలో అమ్మనివ్వలేదు. కొన్ని చేతులు మారాయి. రూతు పోయాక మిగిలినవి నేనే పొయ్యిలో పెట్టాను. ఒకటి ఉందంటే నమ్మబుద్ధి కావడం లేదు. గడియారం ముందు పెట్టుకుని దెబ్బలు లెక్కపెట్టు. నూట ఇరవై రాకపోతే అది మాది కాదు.

పెద్దబాపు,
జయరాజు

———

హన్మకొండ,
5 అక్టోబర్.

ప్రియమైన పెద్దబాపుకు,

లెక్కపెట్టాను. మొదటి పాట నూట పన్నెండు. నాలుగోది తొంభై ఎనిమిది. ఏడోది ఎనభై నాలుగు. ఎనిమిదోది యాభై ఎనిమిది. ఒక్కటీ నూట ఇరవై కాదు. నీ ఉత్తరం చదివి వినిపిస్తే అందరూ నావైపే గుర్రుగా చూశారు, నేనే ఏదో పాడుచేసినట్టు.

సారు ఊరుకోలేదు. క్యాసెట్టు అమ్మిన మొండయ్యను వెతుక్కుంటూ నర్సంపేట పోయాం. పత్తి మార్కెట్టు పక్కన చాయ తాగుతూ దొరికాడు. "అసలుది మా బావది. నేను ఎక్కించుకున్న. కరెంటు యాడిది తల్లీ అప్పుడు? నా టేపుల అసలుది వాయించిన, మా బావ టేపుల కొత్త సెల్లులేసి రికార్డు పట్టిన" అన్నాడు.

"మరి నీ టేపుల సెల్లులు?" అని సారు అడిగారు.

"పాతయే. ఎండల పెట్టి ఏసిన. సగంల గుర్రుగుర్రుమన్నది గని, ఆపితే మళ్ల మొదలు కాదని ఊకున్న."

అర్థమైందా? వాయించే టేపు సెల్లులు చస్తూ చస్తూ పాటలను నెమ్మది చేశాయి. మేం చావు వైపు మెట్లనుకున్నది మొండయ్య సెల్లులు! దీప బస్టాండు దాకా నవ్వుతూనే ఉంది. నాకు నవ్వు రాలేదు. పదిహేను నిమిషాల ఉపన్యాసం రాసి పెట్టుకున్నాను కదా.

శ్యాంసుందర్ కంప్యూటర్లో ఒక్కో పాటనూ నూట ఇరవైకి తెచ్చాడు. మొదటి పాటలో ఆ బావిలో గొంతు పోయి ఒక అమ్మాయి వచ్చింది పెద్దబాపూ. సన్నగా, జర ముక్కుతో, "కండక్టరన్నా" అన్నచోట నవ్వు ఆపుకుంటూ. నాకు అత్తమ్మంటే గోడ మీద ఫోటో, అంతే. ఆ ఫోటోలో నోరు మూసుకునే ఉంటుంది. నాకంటే అయిదేళ్లు చిన్న పిల్ల అట్లా గదిలోకి వచ్చేస్తే ఏం చేయాలో తెలియక లేచి నీళ్లు తాగి వచ్చాను.

ఇక్కడ రెండు చిక్కులు. ఒకటి, శ్యాంసుందర్‌కు ఇది నచ్చలేదు. "ఏమనుకోకు హెప్సీ, గిది పెండ్లి బ్యాండు లెక్కున్నది. మనం పడిపోయింది పాతదానికి. పోస్టరు మీద 'శోకంలో కరిగిన గొంతు' అని కొట్టించినం. అదే ఏద్దాం" అంటున్నాడు. ఎందుకు కాదనాలో నాకూ సరిగ్గా తెలియడం లేదు. నేనూ మొదట ఆ నెమ్మదికే కదా పడిపోయింది.

రెండోది, ఎనిమిదో పాట. నూట ఇరవైకి తెస్తే అది పాటలా లేదు. చిలకపిల్ల కీచుమన్నట్టుంది, మాటలు తెలియవు. మిగతా ఏడింట్లో ఉన్న అమ్మాయి కాదు. నువ్వు ఎనిమిదీ ఒకే వేగం అన్నావు. మరి ఇదెందుకిట్లా?

హాలులో రూతు అత్తమ్మ పేరు చెప్పి ఆమెది కాని గొంతు వినిపిస్తే పాపం కదా. జల్దీ రాయి.

హెప్సి

———

స్టేషన్ ఘన్‌పూర్,
13 అక్టోబర్.

హెప్సిబాకు దీవెనలు.

మొండయ్య సెల్లుల సంగతి చదివి నవ్వాను. ఏడు పాటలు బాగున్నాయి అంటున్నావు, సంతోషం. ఏడు చాలు. ఎనిమిదోది టేపు చివర పాడైపోయి ఉంటుంది, వదిలేయండి. దాన్ని ఏ వేగంలోనూ వేయవద్దు.

ఇక్కడ వానలకు వడ్లు తడిశాయి. మీ బాపును ఒకసారి రమ్మను.

జయరాజు

———

హన్మకొండ,
20 అక్టోబర్.

ప్రియమైన పెద్దబాపుకు,

కోపంతో రాస్తున్నాను, తర్వాత క్షమించు.

టేపు పాడవలేదు. సారు గ్రాఫు కాగితం తీసి ఏడు పాటల అంకెలూ చుక్కలు పెట్టి గీత గీశారు. సెల్లులు ఎంత దిగజారినా ఒక వరసలోనే దిగజారాయి. ఆ వరసలో ఎనిమిదోది కూడా నూట ఇరవైదే అయితే క్యాసెట్టులో ఎనభై దగ్గర ఉండాలి. ఉన్నది యాభై ఎనిమిది. "అంటే ఏందమ్మా? సెల్లులు తినంగ పోను మిగిలిన నెమ్మది పాటదే. దీన్ని మొదలే నెమ్మదిగ పాడిన్రు. నిమిషానికి ఎనభై ఏడో, ఎనభై ఎనిమిదో దెబ్బలు. మీ పెద్దబాపు అంకె మార్చిండు" అన్నారు సారు.

ఆ వేగంలో వేసి విన్నాం. ఈసారి మళ్లీ అదే అమ్మాయి. కానీ ప్రతి చరణం ముందూ ఊపిరి వినిపిస్తున్నది. రెండో చరణంలో ఒక మాట మింగేసింది. శ్యాంసుందర్ కూడా పెండ్లి బ్యాండు అనలేదు. "గీ ఒక్కటి నేను ఒప్పుకుంట" అని బయటికి పోయాడు.

అంకె మార్చడం రాదన్నావు. నవ్వుకుంటూ పాడిందన్నావు. ఇప్పుడు వేయవద్దంటున్నావు. ఏది నమ్మాలి? మేం చెప్పుకున్న కథ అబద్ధమని తేలింది, నువ్వు చెప్పింది కూడా అబద్ధమేనా? నువ్వు నిజం రాయకపోతే తొమ్మిదో తారీఖున నేను మాట్లాడను. శ్యాంసుందర్ తన పోస్టరు ప్రకారం బావి గొంతే వేసుకుంటాడు, జనం రూతు అత్తమ్మను ఎవరో ముసలాయన అనుకుంటూ ఇళ్లకు పోతారు. నీకు అదే ఇష్టమా?

హెప్సిబా

———

స్టేషన్ ఘన్‌పూర్,
1 నవంబర్.

ప్రియమైన బిడ్డ హెప్సికి,

పది రోజులు నీ కాగితం జేబులో పెట్టుకుని తిరిగాను. మీ సారు లెక్క ఒప్పే. ఎనభై ఎనిమిది.

రూతుకు చిన్నప్పటి నుంచి గుండె జబ్బు ఉందని నీకు తెలుసు. ఆ సంవత్సరం ఆయాసం ఎక్కువైంది. ఏడు పాటలు ఏడు ఆదివారాల్లో అయ్యాయి, ఇబ్బంది పడలేదు. ఎనిమిదోది నవంబరులో. నూట ఇరవైలో మొదలుపెడితే రెండో చరణం అందలేదు. బెంచీ మీద కూర్చుని నవ్వింది. "అన్నా, నీ మిషను ఉరుకుతాంది, నేను నడుస్తాన" అన్నది. ఇంటికి పోదామన్నాను. వద్దన్నది, ఈ ఒక్కటీ అయితే క్యాసెట్టు అయిపోతుందన్నది. నేను మిషను పుస్తకం తిరగేసి ఏ బటను నొక్కాలో అప్పుడే నేర్చుకున్నాను. ఒక్కో అంకె తగ్గించుకుంటూ పోతే ఎనభై ఎనిమిది దగ్గర "గిది నాకు సరిపోతది" అన్నది.

పాడింది. మొత్తం పాడింది, ఒక్క మాట మింగలేదు. ఆఖర్లో కీబోర్డు మీద నా వేలు జారింది. ఒక్కచోట, ఒక్క మెట్టు. వేరేవాళ్లకు తెలిసేది కూడా కాదు. రూతు నా మొఖం చూసి, "బాగొచ్చిందా అన్నా?" అని అడిగింది. వచ్చిందంటే అయిపోయేది. ఇంకొక్కసారి అన్నాను.

నీళ్లు తాగి లేచి నిలబడ్డది. నేను ముందుదాని మీదే రికార్డు చేశాను. మీరు విన్నది ఆ రెండోసారిది. అయ్యాక బెంచీ మీద పడుకుంటే పెదవులు నల్లబడి ఉన్నాయి. నలభై రోజులకు దవాఖానలో పోయింది. పాటకూ దానికీ సంబంధం లేదని డాక్టరు చెప్పాడు. ఉండకపోవచ్చు. కానీ ఆ రోజు ఇంటికి రాగానే మా అమ్మ "పోరిని అలసిపోనిచ్చినవా?" అని అడిగింది. లేదమ్మా, అన్నీ ఒక్క తీరుగానే, నవ్వుకుంటనే పాడింది అన్నాను. అమ్మ చనిపోయేదాకా అదే చెప్పాను. ముప్పై ఎనిమిదేళ్లు చెప్పి చెప్పి నీకూ అదే రాశాను. రాసేటప్పుడు అబద్ధమనిపించలేదు.

ఎనిమిది పాటలూ వేయండి. ఏడు నూట ఇరవైలో, "కట్ట మీద" ఎనభై ఎనిమిదిలో. ఆ పోస్టరు చింపేయమను. నేను వచ్చినా నాకేం వినబడదు, అందుకని రాను. నువ్వు మాట్లాడు. పాడింది రూతు అని చెప్పు. రెండోసారి పాడిందని చెప్పు. పాడించింది ఎవరో కూడా చెప్పు.

నీ పెద్దబాపు,
జయరాజు