అంచుకి బెత్తెడు తక్కువ

పిచ్చుకా,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. మీ నాన్న మోకాలి నొప్పి క్షేమం, అమ్మమ్మ చెవుడు క్షేమం, నా కోపం అన్నిటికంటే క్షేమం. విమానం నడపడంలో పడి నువ్వు వేళకి తినడం లేదని నీ వంకర అక్షరాలే చెబుతున్నాయి. ముందు తిను, తరవాత ఇది చదువు.

"పుస్తకం వచ్చిందా? మన పేజీ ఎలా ఉంది?" అని రెండు ఉత్తరాలుగా అడుగుతున్నావు. చెబుతాను, కాస్త ఆగు.

మా యూనిట్‌కి యాభై ఏళ్ళు నిండాయని ఎయిర్‌బేస్ వాళ్ళు చరిత్ర రాయించారు కదా. అందుకు పై ఆఫీసు నుంచి ఒకాయన దిగాడు. మేం ఆయనకి చరిత్రాయన అని పేరు పెట్టుకున్నాం. విమానాలకి ఇంధనం పోసేదీ, టైర్లు మార్చేదీ, నిప్పంటుకుంటే ఆర్పేదీ మా యూనిటే. అయినా పుస్తకం నిండా ఎగిరినవాళ్ళే. రోజూ పొద్దున్నే వరసగా నిలబడి, రన్‌వే పొడుగునా నడుస్తూ రాయీ రప్పా, మేకూ బోల్టూ ఏరే మా జట్టుకి ఒకే ఒక్క పేజీ. అదైనా దక్కిందని సంబరపడ్డాను. అందులో అమ్మమ్మ పేరు వేస్తానన్నాడు మరి. యూనిట్ గుడారాల్లో ఉన్న రోజుల్లో, చంకన బుట్టతో మొదటి వరసలో నడిచింది ఆవిడే కదా.

వేడుక రోజు ఫోటో తీయించడానికి వచ్చాడు. అప్పటికే మేం ఏరడం ముగించాం.

"ఏరుతున్నట్టు కనబడాలమ్మా. రాళ్ళేవీ?" అన్నాడు.

"రాళ్ళుంటే మేమెందుకండీ?" అన్నాను.

ఆయనేం చేశాడో తెలుసా? పూలకుండీల దగ్గర్నుంచి బకెట్ నిండా గులకరాళ్ళు తెప్పించి, రన్‌వే మీద విత్తనాలు చల్లినట్టు చల్లించాడు! యాభై ఏళ్ళుగా మేం ఏరుతున్న నేల మీద! ఒళ్ళు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే ఫోటో అయిపోయింది. అందరికంటే ముందు వంగి రాయి తీస్తున్నదెవరనుకున్నావు? ఆయనే.

తరవాత వాళ్ళంతా టీకి వెళ్ళారు. మేం ఏరాం. ఏరినవన్నీ అదే బకెట్లో పోస్తే అంచుకి బెత్తెడు తక్కువ. అప్పటికే ముఖ్య అతిథి వెళ్ళిపోవడానికి విమానమెక్కి కూర్చున్నాడు.

చరిత్రాయన పరిగెత్తుకొచ్చి, "చాల్లేమ్మా, నాలుగు రాళ్ళకి ఏమవుతుంది?" అన్నాడు.

ఇంజన్ ఒక్క గులకరాయి మింగితే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? రన్‌వే బాగుందని జట్టు తరఫున టవర్‌కి నేను మాటిస్తే గానీ విమానం కదలదు. ఇవ్వలేదు. "బకెట్ నిండాలండీ" అన్నాను. ఎండలో మళ్ళీ నడిచాం, మళ్ళీ నడిచాం. లైట్ల సందుల్లో దూరినవాటిని వేళ్ళతో గీకి తీశాం. విమానం లోపల ఆ పెద్దాయన చెమటలు కక్కుతున్నాడట. కక్కనీ!

ఇంటికొచ్చి చెబితే మీ నాన్న, "విమానాన్ని ఆపావు సరే, పొయ్యి మీద పాలు పొంగకుండా ఎవరాపుతారు?" అన్నాడు. పాలు అప్పటికే పొంగిపోయాయి.

చల్లకొచ్చి ముంత దాచడమెందుకు. పుస్తకం వచ్చి నెలయింది. రాలేదని నీకు అబద్ధం రాశాను. పెద్దాయన్ని ఎండబెట్టినందుకు క్షమాపణ రాసిస్తేనే పేజీ ఉంటుందన్నారు. అమ్మమ్మ కోసమని కాగితం ముందు కూర్చున్నాను. చెయ్యి రాలేదు. పేజీ తీసేశారు, దాంతో అమ్మమ్మ పేరూ పోయింది. ఫోటో మాత్రం ఉంచారు, మమ్మల్ని కత్తిరించి! రన్‌వే మీద ఆయనొక్కడే వంగి, తను చల్లిన రాయి తనే తీస్తున్నాడు. ఆ పుస్తకాన్ని బీరువా కాలి కింద పెడదామంటున్నాడు మీ నాన్న.

అమ్మమ్మకి చెప్పడానికి నెల రోజులూ భయపడ్డాను. నిన్న చెవి దగ్గర అరిచి చెప్పాను. వీధంతా విన్నది.

"రాళ్ళు చల్లినోడి పుస్తకంలో నా పేరెందుకే?" అని కసిరింది. మళ్ళీ తనే, "ఇంతకీ బకెట్ నిండిందా?" అంది.

"నిండిందమ్మా."

"మరింకేం ఏడుపే నీకు?" అని అటు తిరిగి పడుకుంది.

ఇట్లు,
క్షమాపణ రాయని
మీ అమ్మ