బల్లపరుపు బొమ్మల పక్షాన

అక్కయ్యా,

మీ తమ్ముడి ఎడమ కన్ను పోగొట్టినవాణ్ణి నేనే. వాడు ఎంత బతిమాలినా మీరు నా మీద పెట్టిన కేసును వాపసు తీసుకోవద్దని అర్థిస్తూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

మేమిద్దరం నాలుగేళ్లుగా ఆడుతున్న ఆన్‌లైన్ ఆటను త్రీడీలోకి మారుస్తున్నారని తెలిసిన రోజు, హాస్టల్ గదిలోనే చర్చ పెట్టుకున్నాం. టూడీ బొమ్మలే ఊహకు చోటిస్తాయని నేను వాదించాను. లోతు లేనిది లోకమే కాదని వాడు వాదించాడు. నాకిచ్చిన సమయం ముగియగానే వాడు మా డిబేట్ క్లబ్బు నుంచి తెచ్చుకున్న ఇత్తడి గంట మోగించాడు.

"ఇక దిగరా బాబూ! నీ బల్లపరుపు బుర్రకి ఇంత టైమే దండగ."

ఆ గంటనే లాక్కుని వాడి ముఖం మీద కొట్టాను. మొదటి దెబ్బకు కనుబొమ్మ చీలింది. వాడు చేతులు అడ్డం పెట్టాక కూడా మళ్లీ మళ్లీ కొట్టాను. కీబోర్డు మీటల సందుల్లో నెత్తురు నిండింది. ఆవేశమనే సాకు నాకు వద్దు.

నిన్న ఆసుపత్రిలో మంచినీళ్లు అందించాను. మిగిలిన ఒంటికంటికి దూరం అంతుపట్టక, వాడి చెయ్యి గ్లాసుకు జానెడు దూరంలోనే మూసుకుంది.

"గెలిచావు కదరా! ఇప్పుడు నాకూ అంతా టూడీయే," అని నవ్వాడు.

కోర్టులో నా తరఫున ఒక్క మాటా మాట్లాడను.

మీ తమ్ముడి గదిలో ఉండేవాడు