మైలుతుత్తం జిగురు

జూన్ 9
అమ్మ పోయాక మొదటిసారి ఆమె పనిచేసిన స్కూల్ లైబ్రరీకి వెళ్ళాను. శుక్రవారం అక్కడ అమ్మ ఫోటో పెడతారట. కూతురిగా నేను నాలుగు ముక్కలు మాట్లాడాలట. కొత్త లైబ్రేరియన్ నన్ను పక్కకు పిలిచి, ఏమనుకోకండి అంటూ ఒక కథల పుస్తకం చేతిలో పెట్టింది. మధ్యలో రెండు పేజీలు జిగురుతో అంటించి ఉన్నాయి. ఇలాంటివి ఇంకా ఉన్నాయట. మీ అమ్మగారి పనేమో అంది.

ఒళ్ళు మండింది. చనిపోయిన మనిషి మీద ఏదైనా అనొచ్చు. కానీ ఆ అంచున నీలం చూడగానే గుర్తుపట్టాను. మైదా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా నీలిరంగు మైలుతుత్తం కలిపే జిగురు. అమ్మ మా వంటింట్లోనే కాచేది. అలాంటి మూడు పుస్తకాలు సంచిలో దాచి ఇంటికి తెచ్చాను.

జూన్ 10
అనుమానం పెనుభూతం అంటారు. నా నెత్తినెక్కి కూర్చుంది. టీవీలో హీరో హీరోయిన్ వైపు ఒక్కడుగు వేస్తే చాలు, అమ్మ రిమోట్ వెతికేది. ప్రార్థన కాకుండా కాఫీ ముట్టేది కాదు. ఏ కొత్త పుస్తకం వచ్చినా తను చదివాకే బీరువాలో పెట్టేది. అంటే ఇన్నేళ్ళూ ముద్దులు ఏరి పారేసిందన్నమాట! స్కూలంతటికీ అమ్మే సెన్సార్ బోర్డు.

నాన్నను కదిపాను, లైబ్రరీలో ఒక మాట విన్నానని. ఆ పుస్తకాలు తిరిగిచ్చెయ్ అన్నాడు.

నేనింకా పుస్తకాల మాటే ఎత్తలేదు.

జూన్ 11
హెడ్‌మిస్ట్రెస్ ఫోన్. ఎవరో చేరవేశారు. పుస్తకాలు పాడుచేసిన మనిషి ఫోటో లైబ్రరీలో పెడితే పిల్లలకేం చెప్పాలి, నువ్వే చెప్పమ్మా అంది. రేపటికల్లా తేల్చాలట. లేకపోతే ఫోటో లేదు.

సాయంత్రం 5
తెచ్చిన పుస్తకాలు కెటిల్ ఆవిరి మీద పట్టి విప్పాను. ముద్దుల కోసమే వెతికాను.

ముద్దుల్లేవు. ఒకదాంట్లో జ్వరంతో పిల్లాడు చనిపోతాడు. ఇంకోదాంట్లో పడవ తిరగబడి పిల్లాడు. మూడోది చిన్నప్పుడు నేను చదివిందే. అంటించిన చోట ఆగి, తర్వాత బాబు ఏమయ్యాడమ్మా అని అడిగాను. వాళ్ళమ్మ దగ్గరే ఉన్నాడు అంది. నమ్మాను.

జూన్ 12
పిన్నిని నిలదీశాను. ముందు నాకేం తెలీదంది. తర్వాత మీ నాన్న చెప్పొద్దన్నాడంది. తర్వాత ఏడ్చింది.

నాకంటే ముందు ఒక అన్న ఉన్నాడట. మాటలు వచ్చిన వయసులో జ్వరంతో పోయాడట. అమ్మ ఆసుపత్రి వరండాలో మోకాళ్ళ మీద ప్రార్థిస్తూనే ఉందట. ఆ తర్వాత వాడి పేరు ఎత్తలేదు. ప్రార్థనా మానలేదు.

నాకు కోపం వచ్చింది. అన్న నాక్కూడా అన్నే కదా. వాడి పేజీ నాక్కూడా కనపడకుండా అంటించేసింది.

మధ్యాహ్నం
వానకు తడిసి పేజీలు అంటుకున్నాయని హెడ్‌మిస్ట్రెస్‌కు చెప్పాను. ఇంత పచ్చి అబద్ధానికి అమ్మయితే గోడకుర్చీ వేయించేది. వాన నీలంగా కురిసిందా అమ్మా అని అడిగింది ఆవిడ. జవాబు కోసం ఆగకుండా తనే, సరే, ఫోటో తెచ్చెయ్ అంది.

జూన్ 13
ఫోటో పెట్టారు. నాలుగు ముక్కలు రాలేదు. మా అమ్మ ప్రతి పుస్తకం మీకంటే ముందు తనే చదివేది అన్నాను. అంతే.

విప్పిన పేజీలు మళ్ళీ అంటించలేదు. పుస్తకాలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి.

జూన్ 15
చర్చికి అమ్మ బైబిల్ పట్టుకెళ్ళాను. జబ్బుపడ్డ బిడ్డ కోసం తండ్రి నేల మీద పడి ప్రార్థించినా బిడ్డ దక్కని చోటు తీయమన్నాడు పాస్టర్. ఆ పేజీలు తెరుచుకోలేదు. అంచున నీలం.

నేనేమీ అడగకముందే నాన్న తన బైబిల్ నా వైపు జరిపాడు.