సగం గ్లాసు నీళ్ళు

ధర్మవరం,
31 ఆగస్టు 2025, ఆదివారం.

చిరంజీవి సౌభాగ్యవతి వసుంధరకు,

అక్క అనసూయమ్మ మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, మీ బావగారు, అంగడి అందరం బాగున్నాం. హిందూపురంలో మీ అన్నావదినలు, పిల్లలు, వాళ్ళింట్లో నువ్వు బాగున్నారని తలుస్తాను.

ఫోన్ చేస్తే కట్ చేస్తావు. వాట్సాప్‌లో నన్ను బ్లాక్ చేశావు. ఇరవై రెండేళ్ళుగా ఒకే అంగట్లో, ఒకే పరుపు మీద కూర్చుని పట్టుచీరలు మడిచిన తోడికోడళ్ళం మనం! కాగితాన్ని బ్లాక్ చేసే మిషన్ ఇంకా రాలేదు కాబట్టి ఇది శ్రీకాంత్ చేతికిచ్చి పంపుతున్నాను. నీ మొగుడైతే కావచ్చు గానీ, ముందు నా మరిది. నువ్వు చదివేదాకా నీ ముందునుంచి లేవొద్దని గట్టిగా చెప్పాను.

ముందు మంచి కబురు. నీ ఆంథూరియం మొక్క బతికింది.

నమ్మవని తెలుసు. జనవరిలో లాల్‌బాగ్ పూల ప్రదర్శన నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చి, కౌంటరు పక్కన పెట్టుకున్నావు. ఎర్రటి పూలు చూసి కస్టమర్లు చీరల ధర అడగడం మానేసి చెట్టు ధర అడిగేవాళ్ళు. అది జులై వచ్చేసరికి ఆకులు పసుపుబారి, మెడలు వంచేసింది. నువ్వేమో నీళ్ళెక్కువయ్యాయంటావు, నేనేమో దప్పికంటాను. మాటామాటా పెరిగింది. పరుపు మీద కూర్చున్న పెళ్ళివాళ్ళందరి ముందూ నీ చేతిలో ఏదీ నిలవదు అన్నాను. నువ్వు చెప్పులేసుకుని రైల్వేస్టేషనుకు పోయావు. శ్రావణమాసం గిరాకీ అంతా నువ్వు లేకుండానే జరిగిపోయింది.

నువ్వు పోయిన వారానికి రంగప్ప వచ్చాడు. పెనుకొండ దగ్గర వేరుశనగ పండించే రంగప్ప తెలుసు కదా, ఇంట్లో ఏ పెళ్ళయినా మన అంగడికే వస్తాడు. మనవరాలికి చీరలు తియ్యమంటే, కుండీ ముందు గొంతుకూర్చున్నాడు. ఏమమ్మా, ఈ చెట్టుకేమొచ్చిండాది అన్నాడు. దప్పిక, రోజూ నీళ్ళు పోస్తున్నా లేవడం లేదన్నాను. దప్పికైన చెట్టు నీళ్ళు తాగితే లేస్తాది, ఇది తాగేకొద్దీ పడుకుంటాండాది, మా సెనక్కాయకొచ్చే వేరుకుళ్ళే ఇది, పీకి సూడు అన్నాడు.

నేను ఊరికే ఒప్పుకుంటానా? మన సీమలో నీళ్ళు లేక చచ్చిన చెట్లున్నాయి గానీ నీళ్ళెక్కువై చచ్చింది యాడుందప్పా అని దబాయించాను. ఆయన నవ్వి, ఈడే ఉండాది అని కుండీ చూపించాడు.

సరే, నీళ్ళు పోసిందెవరని విచారణ పెట్టాను. చీరలు మడిచే ఓబులమ్మ, నేను పోసింది గుక్కెడే కదమ్మా అంది. మీ బావగారు, తాగి మిగిలినవేలే, అదొక లెక్కా అన్నారు. అందరూ నిజమే చెప్పారు. పరుపెక్కిన మనిషికి ముందు మంచినీళ్ళు, ఆ తర్వాతే చీర అన్నది అత్తగారు పెట్టిన పద్ధతి. వాళ్ళు సగం తాగి సగం వదులుతారు. నీళ్ళు పారబోస్తే పాపం అన్నదీ ఆవిడే. ఒకప్పుడు ఆ సగం గ్లాసులు బయట వేపచెట్టుకు పోయేవి. ఏసీ పెట్టించాక తలుపు తీసి బయటికి పోయేదెవరు? అన్నీ నీ కుండీలోకే. శ్రావణానికి ముందు, రోజుకు నలభై మంది వచ్చారనుకో, నలభై సగాలంటే ఇరవై గ్లాసులు! నువ్వు నీళ్ళు పోయొద్దని చీటీ రాసి అంటించావు, నిజమే. అది మిగతావాళ్ళకు అనుకున్నాం, అందరమూ.

ఇక నేను చేసిన వైద్యం విను, నీకూ పనికొస్తుంది. రంగప్ప చెట్టును పీకగానే మురిక్కాలువ కంపు. కుండీ అడుగున చిల్లు మూసుకుపోయి ఉంది, నీళ్ళన్నీ లోపలే నిలిచిపోయాయి. వేళ్ళు నల్లబడి, పట్టుకుంటే పైతోలు జారిపోయి లోపల దారం లాంటిది మిగులుతోంది. రంగప్ప వద్దంటున్నా కత్తెర నేనే తీసుకున్నాను. జరీ పోగులు కత్తిరించే చెయ్యి, నాకొకరు నేర్పాలా? కత్తెరను స్పిరిట్‌తో తుడిచి, నల్లటి వేళ్ళన్నీ తీసేశాను. తెల్లగా గట్టిగా ఉన్నవి నాలుగే మిగిలాయి. ఒక పూట నీడలో ఆరబెట్టాను. విత్తనాలకు పట్టించే మందుపొడి రంగప్ప తెప్పించి ఇస్తే ఆ వేళ్ళకు అద్దాను. పింగాణీ కుండీ అవతల పెట్టి, మట్టికుండీ తెచ్చి, కొబ్బరి పీచు, బొగ్గులు, ఇటుక ముక్కలు కలిపి నాటాను.

అసలు కష్టం ఆ తర్వాతే. నీళ్ళు పోయకుండా ఉండాలి! అలవాటైన చెయ్యి కదా, గ్లాసు కనిపిస్తే చాలు అటే పోతుంది. వేలు గుచ్చి చూడు, తడి తగిలితే నోరూ చెయ్యీ కట్టేసుకో అన్నాడు రంగప్ప. నోటి సంగతి ఎందుకన్నాడో గానీ అన్నాడు. ఇప్పుడు మిగిలిన నీళ్ళకు కౌంటరు కింద ఒక బక్కెట్టు పెట్టాను, సాయంత్రం ఓబులమ్మ వేపచెట్టుకు పోస్తుంది. వినాయక చవితి రోజు పొద్దున చూస్తే, చుట్ట చుట్టుకున్న చిన్న ఎర్రాకు. నేను అరిచిన అరుపుకు మీ బావగారు పాలవెల్లి వదిలేసి పరుగెత్తుకొచ్చారు.

ఇంకో సంగతి. దసరాకు హిందూపురంలో మీరు వేరే అంగడి తెరుస్తారటగా. శ్రీకాంత్ నేల చూస్తూ చెప్పాడు. నా మాట విను, వద్దు. వాడికి చీర విప్పడం వచ్చు గానీ అమ్మడం రాదు, అమ్మకమంతా నీ నోటి చలవే. నువ్వు లేక ఈ శ్రావణంలో నేను ఎంతమందిని బెదరగొట్టి పంపానో నీకు ఓబులమ్మ చెప్పే ఉంటుంది. ఆ రోజు కోపంలో మాట జారాను. పెద్దదాన్ని, మనసులో పెట్టుకోకు. వచ్చెయ్.

ఇట్లు,
నీ మేలు కోరే అక్క,
అనసూయమ్మ

తా.క. కవరు అంటించి, మళ్ళీ చింపాను వసుంధరా. పైన రాసిందంతా నిజమే, ఒక్కటి తప్ప. కుండీ చిల్లు దానంతట అది మూసుకుపోలేదు. మే నెలలో కుండీ కింది నుంచి నీళ్ళు కారి, పరుపు మీద పరిచిన పెళ్ళిచీర అంచు మీద మరక పడింది. పట్టు మీద నీటిమరకంటే నాకెంత భయమో నీకు తెలుసు. నువ్వు భోజనానికి పోయినప్పుడు కుండీ పక్కకు వాల్చి, జాకెట్టు గుడ్డ ముక్కను ఉండచుట్టి చిల్లులో కుక్కి, పైన కొవ్వొత్తి కరిగించి పోశాను. అడిగితే చిల్లు తెరిచి ఉంచమంటావని నీకు చెప్పలేదు. నిన్ను ఆ మాటన్న రోజు ఇది నాకు గుర్తు లేదు, దేవుడి మీద ఒట్టు. రంగప్ప పీకినప్పుడు ఆ నెమలికంఠం రంగు ముక్క బయటపడగానే గుర్తొచ్చింది. ఇదెవరు పెట్టినారమ్మా అని ఆయన అడిగితే, తెలీదన్నాను. అప్పటినుంచి ఎవరికీ చెప్పలేదు.

నీకు రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండుసార్లూ ఆసుపత్రిలో నీ పక్కన కూర్చున్నది నేనే. అదంతా తెలిసి ఆ మాట అన్నాను. నన్ను క్షమించు అని రాయడం ఈ వయసులో నాకు అలవాటు లేదు, అయినా రాస్తున్నాను. క్షమించు తల్లీ.

ఆ గుడ్డ ముక్క ఈ కవర్లోనే పెట్టాను. వేరే అంగడి పెట్టుకుంటారో, ఇక్కడికే వస్తావో మీ ఇష్టం, ఇక బలవంతం చేయను. కానీ ఒక్కసారి రా. అంగడి నిండా జనం ఉన్నప్పుడు రా. ఆ మాట అందరి ముందూ అన్నాను కదా, చిల్లు మూసింది నేనేనని కూడా అందరి ముందే చెబుతాను. చెప్పేటప్పుడు ఆ ముక్క నీ చేతిలో ఉండాలి.